ఐరిష్ భాషను హైదరాబాద్ నుంచి మళ్లీ నేర్చుకోవడం ఎలా?

నేను డబ్లిన్‌లో పెరిగాను. 2019లో లీవింగ్ సర్టిఫికెట్‌లో, అంటే మన ఇంటర్ స్థాయి పరీక్షలో, ఐరిష్‌ను ఆర్డినరీ లెవెల్‌లోనే, అంటే సులువైన స్థాయిలోనే, రాశాను. డిగ్రీ తర్వాత ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను. ఇప్పుడు ఐర్లండ్ తిరిగి వెళ్లి ప్రాథమిక పాఠశాల టీచర్ కావాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. అక్కడ ఒకే టీచర్ తరగతికి అన్ని పాఠాలతో పాటు ఐరిష్ కూడా చెప్పాలి. అందుకే శిక్షణలో చేరాలంటే ఐరిష్ హయ్యర్ లెవెల్‌లో, అంటే కఠిన స్థాయిలో, హెచ్4 గ్రేడ్ (కనీసం 60 శాతం మార్కులు) అడుగుతున్నారు. పీజీ శిక్షణకు టీఈజీ అనే, పెద్దలకు ఐరిష్ భాషా ప్రావీణ్యం చూసే, పరీక్ష మార్గం కూడా ఉంది.

వ్యాకరణం నన్ను భయపెట్టడం లేదు. 'ఉరూ' అనే మార్పులో పదం మొదటి క గ గా, త ద గా మారుతుంది; తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టే. చిన్నప్పుడు ఈ పోలిక ఎవరైనా చెప్పి ఉంటే ఆ భాషను ఎంత ఇష్టంగా చదివేదాన్నో!

కష్టమంతా మాట్లాడటంలోనే. లీవింగ్ సర్టిఫికెట్ ఐరిష్‌లో మౌఖిక పరీక్షకే 40 శాతం మార్కులు. రోజూ ఐరిష్ భాషా రేడియో అయిన రేడియో నా గేల్‌టాక్టా వింటున్నాను కానీ, మాట్లాడేందుకు ఇక్కడ తోడు లేరు. మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ యాసల్లో ఒక్కదానికే కట్టుబడాలా? మళ్లీ లీవింగ్ సర్టిఫికెట్ రాయడం మేలా, టీఈజీనా? ఉద్యోగం చేస్తూ ఈ దారిలో నడిచినవారు, వారానికి ఎన్ని గంటలు కేటాయించారో దయచేసి చెప్పండి. ఆదివారాలు ఫోనులో ఐరిష్ మాట్లాడేవారు దొరికితే ఎంతో మేలు చేసినవారవుతారు.