ఉగాండా ప్రయాణం: పాత యెల్లో ఫీవర్ కార్డు చెల్లుతుందా, పాపకు టీకా ఎప్పుడు?

ప్రశ్న
జూన్ 10న హైదరాబాద్ నుంచి కంపాలా వెళ్తున్నాం. మావారి దగ్గర 2012 నాటి యెల్లో ఫీవర్ కార్డు (ఈ జ్వరానికి టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పత్రం) ఉంది. దాని మీద 2022 వరకే గడువు రాశారు, ఆ తర్వాత పాస్‌పోర్టు నంబరూ మారింది. పాపకు 15 నెలలు, మే 5న ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేశారు. అత్తయ్యగారికి 63 ఏళ్లు, ఈ టీకా ఇదే మొదటిసారి. ఎవరికి ఏం చేయించాలి?

జవాబు 1
ముందు పాప సంగతి తేల్చుకోండి, చిక్కంతా అక్కడే. ఉగాండా ఏడాది నిండిన ప్రతి ఒక్కరినీ కార్డు అడుగుతుంది. యెల్లో ఫీవర్, ఎంఎంఆర్ రెండూ బతికున్న వైరస్ టీకాలే. ఒకే రోజు వేయకపోతే మధ్యలో 4 వారాలు ఉండాలి, లేదంటే రెండోది సరిగా పట్టదు. మే 5కు 28 రోజులు కలిపితే జూన్ 2. కార్డు చెల్లేది టీకా వేసిన 10 రోజులకు, అంటే జూన్ 12 నుంచి. కాబట్టి జూన్ 10 టికెట్టు కుదరదండీ, మార్చుకోండి. రెండు మూడు రోజులు ఎక్కువే పెట్టుకోండి. ఒక్కో సీసాలో 5 లేదా 10 డోసులుంటాయి, కలిపాక 6 గంటల్లో వాడెయ్యాలి. అందుకే చాలా కేంద్రాలు మందిని కూడగట్టి కొన్ని రోజుల్లోనే వేస్తాయి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, వాళ్లు వేసే రోజులు ముందే కనుక్కోండి.

జవాబు 2
మీవారికి మళ్లీ సూది అక్కర్లేదు. 2016 జూలై 11 నుంచి ఈ కార్డుకు జీవితకాలం విలువ ఉంది, అంతకుముందు వేయించుకున్నవాళ్లకూ వర్తిస్తుంది. 2022 అన్న అంకెను మాత్రం కొట్టేయకండి, దిద్దకండి. దిద్దుబాటు కనిపిస్తే కార్డే చెల్లదనొచ్చు. పాత పాస్‌పోర్టు కూడా వెంట పెట్టుకోండి, నంబరు సరిచూస్తారు.

కొత్త కార్డులు టీకా కేంద్రంలోనే నిలబడి చదువుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, బ్యాచ్ నంబరు రాశారా, డాక్టరు చేతి సంతకం ఉందా? ముద్ర ఒక్కటే సరిపోదు. పాప గడిలో తల్లో తండ్రో సంతకం పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు
టికెట్టు జూన్ 15కు మార్చాం. అత్తయ్యగారికి టీకా వద్దని డాక్టరు అంటే ఏం చేయాలి?

జవాబు 3
60 దాటాక మొదటి డోసుతో తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కాస్త ఎక్కువ, అయినా వయసొక్కటే అడ్డు కాదు. థైమస్ (ఛాతీలో ఉండే గ్రంథి) జబ్బు, గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఉన్నాయేమో డాక్టరుకు తప్పక చెప్పండి. వద్దంటే కారణం రాసి, సంతకం, ముద్రతో మినహాయింపు పత్రం ఇస్తారు. దాన్ని ఒప్పుకోవడం అక్కడి ఆరోగ్య అధికారి చేతిలో ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. ఉగాండా వదిలిన 6 రోజుల్లోపు కార్డు లేకుండా ఇండియాలో దిగితే, ఆ 6 రోజులు పూర్తయ్యేదాకా విడిగా ఉంచొచ్చు. మన దగ్గర ఈ జ్వరం లేదు, దాన్ని మోసే ఈడిస్ దోమ మాత్రం బోలెడు. అందుకే అంత పట్టుదల. ఇండియాలో దిగేటప్పుడు కార్డు అక్కర్లేనిది 9 నెలల లోపు పసివాళ్లకే.