చెల్లి జబ్బు సంగతి పెళ్లివారికి చెప్పాలా, వద్దా?

నాగావళి ఒడ్డు

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. చెల్లికి 26 ఏళ్లు. 2019లో డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా వరసగా నాలుగు రాత్రులు నిద్రపోలేదు. ఆపకుండా మాట్లాడేది. ఫీజుకని దాచిన డబ్బంతా పెట్టి వీధిలో పిల్లలందరికీ బట్టలు కొనేసింది. గాలి సోకిందనుకున్నాం. ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారని ఊళ్లో అంటే మూడు వారాలు తాయెత్తులనీ విభూతనీ తిరిగాం. చివరికి విశాఖలో సైకియాట్రిస్ట్ చూసి బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు. 2021లో మళ్లీ వచ్చింది, ఈసారి పూర్తిగా వేరేలా. రెండు నెలలు మంచం దిగలేదు, ఉలుకూ పలుకూ లేదు. అప్పటి నుంచి లిథియం మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు. మళ్లీ రాలేదు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది.

ఇప్పుడు నరసన్నపేట వైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పైడిభీమవరంలో మందుల కంపెనీలో కెమిస్ట్. పిల్ల నచ్చిందన్నారు. అమ్మేమో "ఎవులికీ సెప్పకు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అంటోంది. మామయ్య అయితే పెళ్లికి మూడు నెలల ముందే మాత్రలు ఆపేయమంటున్నాడు, కొత్తింట్లో ఎవరి కంటా పడకూడదని. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా అని ఆయన వాదన. మీరైతే ఏం చేస్తారు?

వంశధార

చెప్పొద్దు తమ్ముడూ. నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఆడపడుచు కూతురికి డిప్రెషన్ వచ్చి తగ్గింది. మంచికి పోయి చెప్పాం. ఆ సంబంధం పోయింది, సరే అనుకున్నాం. నెల తిరక్కుండా ఆ మాట టెక్కలి దాకా పాకింది. తర్వాత రెండు సంబంధాలు ఇంటి గడప కూడా తొక్కలేదు. దాని చెల్లెలికి వచ్చిన సంబంధం కూడా వెనక్కి పోయింది, ఆ పిల్ల ఏం పాపం చేసింది?

షుగరున్న అబ్బాయి చెబుతున్నాడా? రోజూ తాగేవాడు పెళ్లిచూపుల్లో ఒప్పుకుంటున్నాడా? మగపిల్లాడి లోపాలన్నీ "కుర్రాడు కదా" అని సరిపెట్టుకునే ఊళ్లో, మందుతో బాగున్న ఆడపిల్ల మాత్రం ముందే తల వంచుకుని ఒప్పుకోవాలా?

బొబ్బిలి కోడలు

వంశధార గారూ, మీ బాధ నాకు అర్థమైంది. అయినా నేను అవతలి గట్టున ఉన్నదాన్ని. నాకు దాచి పెళ్లి చేశారు.

పెళ్లయిన పదిహేను రోజులకు ఆయన అర్ధరాత్రి లేచి గోడవైపు తిరిగి ఎవరితోనో గొడవపడుతున్నాడు. పగలు నన్ను చూసి, నువ్వు అన్నంలో ఏం కలిపావు అని అడిగేవాడు. నేనేం తప్పు చేశానో అర్థంకాక వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. మా అత్తగారు రోజూ రాత్రి మజ్జిగలో ఏదో పొడి కలిపి ఆయనకి ఇచ్చేది. బలానికి అనేది. నాలుగో నెలలో బీరువా సర్దుతుంటే చీరల కింద ఆసుపత్రి చీటీ దొరికింది. స్కిజోఫ్రెనియా, లేని మాటలు వినిపించి లేనిపోని అనుమానాలు కలిగించే జబ్బు. అంతకు ముందు ఆరేళ్లుగా వైద్యంలో ఉన్నాడు. పెళ్లి హడావుడిలో రెండు వారాలు మాత్రలు ఆపేశారు, అందుకే తిరగబెట్టింది.

నాకు కోపం జబ్బు మీద కాదు. ఆ నాలుగు నెలలు నన్ను పిచ్చిదాన్ని చేశారు, దాని మీద. ముందే చెబితే చేసుకునేదాన్నా? నిజంగా నాకు తెలియదు. కానీ అది నేను తేల్చుకోవలసిన విషయం. ఇంకో మాట. నాకు తెలిసి ఉంటే ఆ మొదటి రాత్రే డాక్టరుకు ఫోన్ చేసేదాన్ని, ఆయన అంత నరకం పడేవాడు కాదు. దాచినందువల్ల నాకన్నా ఎక్కువ నష్టపోయింది ఆయనే.

ఇప్పుడు నెలకొకసారి ఇంజెక్షన్. రోజూ మాత్ర గొడవ లేదు. జూట్ మిల్లులో పనికి వెళ్తున్నాడు. మా బాబుకి ఏడేళ్లు. నేను ఆయన్ని వదల్లేదు. మా అత్తగారి మీద మాత్రం ఆ మజ్జిగ గ్లాసు గుర్తొచ్చినప్పుడల్లా మనసు విరుగుతుంది.

సిక్కోలు బావ

పెళ్లయితే ఈ జబ్బులు అవే కుదురుతాయని మా తాతల కాలం నుంచి అంటారు. అరసవల్లిలో ఏడు ఆదివారాలు దర్శనం చేయించండి, సూర్యనారాయణ స్వామి చూసుకుంటాడు. ఇంత ఆలోచన అనవసరం.

విజయనగరం సిస్టర్

నేను మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేసి రిటైరయ్యాను. చెప్పాలా వద్దా అన్న దానికి తర్వాత వస్తాను. ముందు మీ మామయ్య మాట. మాత్రలు ఆపకండి. లిథియం ఒక్కసారిగా ఆపితే జబ్బు కొన్ని వారాల్లోనే, కొన్నిసార్లు మునుపటికన్నా గట్టిగా తిరగబెట్టే ప్రమాదం ఉంది. అది సరిగ్గా పెళ్లి రోజులకే రావచ్చు.

పెళ్లి అన్నదే ఈ జబ్బున్నవాళ్లకు జాగ్రత్తగా దాటవలసిన ఘట్టం. మన ముహూర్తాలు చూడండి, రాత్రి రెండు, తెల్లవారుజామున నాలుగు. ముందు రోజు నుంచీ నిద్ర ఉండదు. బైపోలార్ ఉన్న మనిషికి నిద్ర చెడడమే మ్యానియాకు, అంటే ఆ అతి హుషారు దశకు, దారి తీయగలదు. దానికి తోడు పెళ్లికూతురు ఉపవాసం, నీళ్లు కూడా సరిగా తాగనివ్వరు. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరిగి, వాంతులు, చేతుల వణుకు, తూలిపోవడం మొదలవుతాయి. పగటి ముహూర్తం పెట్టించండి. పంతులు గారికి కారణం చెప్పక్కర్లేదు.

లిథియం వాడేవాళ్లకు కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష తప్పదు. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. చాలామందికి రక్తంలో లిథియంను లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తారు. క్రియాటినిన్ అంటే ఏమిటో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లయితే మీ ప్రాంతం పేరు డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే లిథియం భారం పడేది కిడ్నీల మీదే. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి బిళ్లలు వేసుకోవడం కూడా వద్దు, కొన్ని నొప్పి బిళ్లలు లిథియం మోతాదును పెంచేస్తాయి.

ఇక పిల్లలు. గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇదే జబ్బుకు వాల్‌ప్రొయేట్ అనే మందు కూడా ఇస్తారు, అది గర్భంలో బిడ్డ వెన్నుపాముకు, మెదడుకు హాని చేయగలదు కాబట్టి పెళ్లీడు ఆడపిల్లలకు వీలైనంత వరకు వద్దంటారు. కాన్పు తర్వాతి వారాల్లో బైపోలార్ తిరగబెట్టే అవకాశం మామూలు రోజుల్లో కన్నా చాలా ఎక్కువ. ఇవన్నీ మొగుడికి తెలియకుండా ఒక ఆడపిల్ల ఒక్కతే ఎలా చూసుకుంటుంది? నేను చెప్పాలి అనడానికి కారణం ఇదే. నీతి కోసం కాదు, ఆమె ఆరోగ్యం కోసం.

బావ గారూ, దర్శనం చేసుకోండి, నేనూ చేసుకుంటాను. మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందని వదిలేసిన మనుషులు గొలుసులతో ఉండగా షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది కాలిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా వార్డులో ఎవరం అన్నం తినలేదు. నమ్మకాన్ని నేను తప్పుపట్టను. నమ్మకం పేరు చెప్పి వైద్యాన్ని ఆపితే ఊరుకోలేను.

వంశధార

సిస్టర్ గారూ, మందు ఆపకూడదన్నది ఒప్పుకున్నాను. పిల్లలకు వస్తుందేమో అని అడిగితే ఏం చెప్పాలి? అక్కడే అందరూ లేచిపోతున్నారు.

విజయనగరం సిస్టర్

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తల్లికో తండ్రికో బైపోలార్ ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారుగా నూటికి 5 నుంచి 10. అంటే 90 మందికి పైగా పిల్లలకు రాదు. లేని కుటుంబాల్లో కూడా నూటికి ఒకరికి వస్తూనే ఉంది.

కోర్టు గుమాస్తా

చట్టం గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. హిందూ వివాహ చట్టం 1955లో 12వ సెక్షన్ ఉంది. పెళ్లికి ముఖ్యమైన విషయాన్ని మోసంతో దాచి ఒప్పించారని రుజువైతే ఆ పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు. విషయం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకు రావాలి, తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. దాచడంలో ఉన్న ప్రమాదం ఇది. పెళ్లి నిలబెట్టడానికని ఆడిన అబద్ధమే దాన్ని కూల్చే ఆయుధం అవుతుంది.

రెండో వైపు కూడా చూడండి. జబ్బు పేరు చూపించి విడాకులు ఇమ్మంటే కోర్టులు ఇచ్చేయవు. స్కిజోఫ్రెనియా అన్న పేరు ఒక్కటే చాలదు, అది కాపురం చేయలేనంత తీవ్రంగా ఉందా అన్నది చూడాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో మన ఆంధ్రా నుంచి వెళ్లిన ఒక కేసులో, బీపీ, షుగర్ లాగే ఇది కూడా వైద్యంతో అదుపులో ఉంచుకోదగ్గ జబ్బేనని చెప్పి భర్తకు విడాకులు నిరాకరించింది. చెప్పి చేసుకున్న పెళ్లికి చట్టం అండ గట్టిగానే ఉంది.

వంశధార గారి భయం ఊరి నోళ్ల గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత, రోగి హక్కు. అంటే ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే అధికారం ఆ అమ్మాయిది. పెళ్లికొడుక్కి చెప్పడం వేరు, పెళ్లిళ్ల మధ్యవర్తికి చెప్పడం వేరు.

పలాస జీడితోట

ఇంతమంది మాట్లాడారు. అన్న, అమ్మ, మామయ్య, లాయరు పక్క మనిషి, నర్సమ్మ. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

నాకూ బైపోలారే. తొమ్మిదేళ్లయింది. నా పెళ్లి మాటలప్పుడు కూడా ఇలాగే చావిట్లో పెద్దలు కూర్చుని నా గురించి గుసగుసలాడేవారు, నేను వస్తే మాట మార్చేవారు. ఆ మౌనం డిప్రెషన్ కన్నా బరువుగా ఉండేది. నేను పనికిరాని సరుకునని నాకు చెప్పకుండానే చెప్పినట్టు.

చివరికి నేనే చెప్పుకున్నాను. ఎలా చెప్పానో రాస్తాను, పనికొస్తే తీసుకోండి. మొదటి చూపుల్లో చెప్పలేదు, అప్పటికి ఒకరికొకరు ఎవరో తెలియదు కదా. ఇద్దరికీ ఇష్టం ఉందని తెలిశాక, తాంబూలాలకు ముందు, అమ్మాయితో విడిగా మాట్లాడాను. జబ్బు పేరు చెప్పాను. ఎన్నిసార్లు వచ్చిందో, అప్పుడు నేను ఎలా ఉంటానో చెప్పాను. వేసుకునే మందు చూపించాను. వరసగా రెండు రాత్రులు నాలుగైదు గంటలకన్నా తక్కువ నిద్రపోయి, అయినా నాకు అలసట లేదంటే అది మొదటి గుర్తు, అప్పుడు నా మాట వినకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యమన్నాను. కావాలంటే నాతో పాటు ఒకసారి డాక్టరు దగ్గరికి వచ్చి అడగాల్సినవన్నీ అడగమన్నాను.

ముగ్గురు వద్దన్నారు. మూడోసారి వారం రోజులు తోటలోంచి ఇంటికి రాలేదు. నాలుగో అమ్మాయి డాక్టరు దగ్గరికి వచ్చి, నేను బయట ఉండగా ముప్పావు గంట మాట్లాడింది. ఆమే ఇప్పుడు నా భార్య. ముగ్గురు వద్దన్నందుకు బాధ పడ్డాను గానీ, వాళ్లెవరూ నా ఇంట్లో ఉండి నన్ను చూసి భయపడుతూ బతకడం లేదు. అది నాకు చాలు.

బొబ్బిలి కోడలు

పలాస గారూ, నాకు ఈ మాటలు పదేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

వంశధార

నేను చెప్పొద్దన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేను. మా ఆడపడుచు కూతురు ఇంకా ఇంట్లోనే ఉంది, 31 ఏళ్లు. కానీ మేం చెప్పింది మధ్యవర్తికి. దానికి ఇష్టమో కాదో అడగకుండా, నలుగురి ముందు చెప్పాం. ఇది చదువుతుంటే అదే గుర్తొస్తోంది. ఈ రాత్రికి దానితో మాట్లాడతాను. ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

విజయనగరం సిస్టర్

ముందు మీరు వినండి వంశధార గారూ. మాట దానంతటదే వస్తుంది. మీ ఇద్దరికీ కష్టంగా ఉంటే 14416కు చేయండి, టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జబ్బున్నవాళ్లే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా చేయవచ్చు. పిల్లకు మళ్లీ దిగులుగా ఉంటే మాత్రలు ఒక్కటే దారి కాదు. తీవ్రంగా లేని డిప్రెషన్‌కు వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించే కౌన్సెలింగ్‌తోనే చాలామంది తేరుకుంటారు. మాత్ర మొదలుపెడితే మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పట్టాలి, పని చేయడం లేదని పదో రోజున మానేయకూడదు.

నాగావళి ఒడ్డు

అందరికీ దండాలు. నిన్న రాత్రి చెల్లిని అడిగాను. ముందు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆరేళ్లుగా నా గురించి మాట్లాడుకుంటన్నారు, నాతో ఎప్పుడైనా మాటాడారా అన్నయ్యా" అంది. నా దగ్గర జవాబు లేదు.

చెబుతానంది. తనే చెబుతుందట. "ఆయన మందుల కంపెనీలో కెమిస్ట్, నా మాత్ర డబ్బా చూస్తే మొదటి రోజే తెలిసిపోద్ది, మామయ్యకి అది కూడా తట్టలేదా" అంది. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే చెల్లి పక్కన కూర్చుంది. మామయ్య ఫోన్ ఎత్తడం లేదు.

అబ్బాయికి ఫోన్ చేసి, మా చెల్లి మీతో విడిగా మాట్లాడాలనుకుంటోంది అని మాత్రం చెప్పాను. ఆదివారం ఒక్కడే వస్తానన్నాడు. చెల్లి తన ఆసుపత్రి ఫైలు బయటికి తీసి, రక్తపరీక్షల కాగితాలన్నీ తారీఖుల వరసలో పెట్టుకుంటోంది.