60 వేలల్లో కార్బన్ వీల్స్, బిగుతు టైర్లు: వాడుతున్నోళ్లు చెప్పండి

గండిపేట_రైడర్:
అందరికీ నమస్తే. నాది డిస్క్ బ్రేక్ రోడ్ బైక్, బైక్‌తో వచ్చిన అల్యూమినియం వీల్స్ జత 1900 గ్రాముల దాకా ఉంటయ్. పొద్దుగాల గండిపేట, చేవెళ్ల రోడ్డు, సెలవు దొరికితే వికారాబాద్ పోయి అనంతగిరి గుట్ట ఎక్కుత. బడ్జెట్ 60 వేలు, 50 ఎంఎం డెప్త్ (రిమ్ ఎత్తు) కార్బన్ వీల్స్ తీస్కుందామని చూస్తున్న. ఈ రేట్ల ఏం చూసి కొనాలె? ఇంకోటి, మా గ్రూపుల ఒకాయన కొన్నడు, చక్రాలు మస్తున్నయ్ గానీ టైరు ఎక్కియ్యనీకె ఇద్దరు పట్టిన్రు, రోడ్డు మీద ఒక్కడే ఉన్నప్పుడు పంక్చరైతే ఏంది పరిస్థితి? నా బరువు 78 కేజీలు.

వైజాగ్_కొండదారి:
ముందు గ్రాములు పక్కన పెట్టండి సార్. అందరూ 1350 గ్రాములా 1450 గ్రాములా అని చూస్తారు, ఆ వంద గ్రాముల తేడా కైలాసగిరి ఎక్కేటప్పుడు కూడా మీకు కాళ్లలో తెలీదు. చూడాల్సింది రిమ్ లోపలి వెడల్పు ఎంత, హుక్ (టైరు అంచుని పట్టి ఉంచే రిమ్ అంచు వంపు) ఉందా లేదా, నడుమ గాడి ఎంత లోతుంది, రైడర్ బరువు ఎంతవరకు ఒప్పుకుంటారు. 28 ఎంఎం టైరుకి 21 ఎంఎం లోపలి వెడల్పు హాయిగా ఉంటుంది, అందులో 28 టైరు కొలిస్తే ఇంచుమించు 29, 30 కూడా వస్తుంది, మీ ఫ్రేములో అంత చోటుందో లేదో కొనకముందే చూసుకోండి. డెప్త్ సంగతి కూడా, నేను బీచ్ రోడ్డులో తొక్కేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, పక్కగాలికి ముందు చక్రం లాగేస్తుంది, 60 అంటే నాకు భయం, 40-45 చాలు. వెనక 50 పెట్టుకున్నా పర్లేదు, ఇబ్బందంతా ముందు చక్రంతోనే.

డల్లాస్_పెడల్:
హుక్ ఉన్నదే తీసుకో బ్రో, నా ఓటు దానికే. హుక్ లేని, అంటే హుక్‌లెస్ రిమ్‌కి గరిష్ఠ ప్రెషర్ 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ. 78 కేజీలకి 28 టైరులో 65-70 దగ్గర పెడతావు కాబట్టి హద్దుకి ఆనుకునే ఉంటావు, ఇక పంపు గేజ్ కొంచెం తప్పు చూపించినా హద్దు దాటినట్టే. పైగా టైరు కంపెనీ హుక్‌లెస్‌కి సరిపోతుందని రాసిన టైరే వాడాలి, కాంటినెంటల్‌లో జీపీ5000 ఎస్ టీఆర్ అయితే ఓకే, ట్యూబుతో వేసే మామూలు జీపీ5000 క్లించర్ హుక్‌లెస్‌లో వెయ్యకూడదు. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో రైడర్ థామస్ డి గెంట్ పడినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడొచ్చి వేలాడుతున్న వీడియో అందరూ చూశారు, రోడ్డు మీద ఏదో గట్టిగా తగలడం వల్లేనని టీం వాళ్లన్నారు, ఆ తర్వాత సైక్లింగ్ ప్రపంచ సంస్థ యూసీఐ కూడా హుక్‌లెస్ మీద దృష్టి పెట్టింది. అన్నీ ఊడిపోతాయని నేననట్లేదు, మన రోడ్ల గుంతల్లో నాకు ఆ చిన్న అంచు ఉంటేనే నిశ్చింత.

చువ్వల_మేస్త్రి:
వీల్ బిల్డింగ్ చేస్తుంటాను, బెజవాడ. రిమ్ గురించి పైన చెప్పేశారు, నేను హబ్బు, చువ్వల గురించి చెప్తా. ఈ రేటులో కార్బన్ చువ్వల వీల్స్ కూడా వస్తున్నాయి, బరువు తగ్గుతుంది, చూడ్డానికి బాగుంటాయి, కానీ ఒక్క చువ్వ పోతే మన ఊళ్లో దొరకదు, కంపెనీ పంపేదాకా బండి గోడకి ఆనించుకుని కూర్చోవాలి. స్టీలు చువ్వలు తీసుకోండి, సాపిమ్ సీఎక్స్-రే అయితే మరీ మంచిది, ఆర్డర్‌తో పాటే ప్రతి సైజులో రెండేసి స్పేర్ అడిగి తెప్పించుకోండి. నిపుల్ (చువ్వని బిగించే చిన్న నట్టు) రిమ్ బయట ఉందా లోపల దాచారా అనేది తప్పకుండా అడగాలి. లోపలుంటే కాస్త వంకర తియ్యాలన్నా టైరు, రిమ్ లోపల గాలి పోకుండా అంటించిన టేపు మొత్తం ఊడదీయాలి, అసలే బిగుతు టైరంటే ఇక ఆ పని ఎవరు చేస్తారండీ. హబ్బు మీద క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఎక్కే ఫ్రీహబ్ మీ గేరుకి సరిపోవాలి, షిమానో 12 స్పీడ్ రోడ్ క్యాసెట్ 11 స్పీడ్ హెచ్‌జీ రకం ఫ్రీహబ్ బాడీ మీద కూర్చుంటుంది, స్రామ్ 12 అయితే ఎక్స్‌డీఆర్ రకం కావాలి. బ్రేక్ డిస్క్ హబ్బుకి బిగేది సెంటర్ లాకా (నడుమ ఒకే రింగు), ఆరు బోల్టులా అనేది కూడా మీ డిస్క్ చూసి చెప్పండి.

గండిపేట_రైడర్:
మస్తు సంగతులు చెప్పిన్రు అన్నా. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఎంత పడ్తది? అలీఎక్స్‌ప్రెస్ అయితే 2020ల బంద్ అయింది కదా.

వైజాగ్_కొండదారి:
ఇప్పుడందరూ బ్రాండు వెబ్‌సైట్‌లోనే నేరుగా ఆర్డర్ పెడుతున్నారు. విన్‌స్పేస్, ఎలైట్‌వీల్స్, ఫార్‌స్పోర్ట్స్, లైట్ బైసికిల్ ఇలా బోలెడున్నాయి. చూపించే రేటులో మన డ్యూటీ ఉండదు, కొరియర్ వాడు గుమ్మంలోకి వచ్చి అడుగుతాడు, కాబట్టి 60 వేలు మొత్తం వీల్స్‌కే పెట్టేయకండి. ఇక్కడి డీలర్ దగ్గర కొంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లకీ పార్టులకీ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, అందుకని ఒకసారి ఇక్కడి రేటు కూడా కనుక్కోండి. నాకు తెలిసినాయన బయటి నుంచి తెప్పించిన రిమ్‌లో పగులు వస్తే వారంటీ కింద కొత్తది ఇస్తామన్నారు గానీ తిరిగి పంపే ఖర్చూ, మళ్లీ వచ్చినదాని డ్యూటీ తన నెత్తినే పడ్డాయి. వారంటీ అంటే అవన్నీ అడగాలి.

రాజమండ్రి_రాధిక:
టైరు సంగతికి నేనొస్తానండి, ఎందుకంటే నా చేతుల్లో మగవాళ్లంత పట్టు లేదు, అయినా జీపీ5000 ఎస్ టీఆర్ 28 నేనే ఎక్కిస్తాను, తీస్తాను. ఇది బలం పని కాదు. రిమ్ నడుమ ఒక గాడి ఉంటుంది చూశారా, టైరు అంచులోని తీగ సాగదు, అది గాడిలోకి దిగినప్పుడే ఎదురు పక్కన వదులు వస్తుంది. అందుకే వాల్వ్‌కి ఎదురుగా మొదలెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి. వాల్వ్ పునాది గాడిలో అడ్డుగా కూర్చుని ఉంటుంది కదా, అక్కడ అంచు ఎటూ కిందికి దిగదు, మీరు గానీ వాల్వ్ దగ్గర మొదలెట్టి ఎదురుగా ముగించబోతే చివరి జానెడు ఎంత గుంజినా రాదు.

నేను చేసేది చెప్తాను. మొదటి అంచు మొత్తం వేసేశాక రెండోది ఎదురు నుంచి రెండు చేతులతో రెండు పక్కలా నెట్టుకుంటూ వస్తాను, వాల్వ్‌కి జానెడు దూరంలో బిగుస్తుంది, అక్కడ ఆగిపోవాలి, గుంజకూడదు. చక్రాన్ని నిలబెట్టి పైనుంచి మొదలెట్టి టైరుని రెండు వైపులా వేళ్లతో నొక్కి, రెండు అంచులూ గాడిలోకి పడేలా, కిందకి కిందకి పిండుకుంటూ రావాలి. అలా ఒక రౌండు తిరిగేసరికి ఇందాక బిగుసుకున్న చోటే బొటనవేలు దూరేంత వదులొస్తుంది. సబ్బునీళ్లు చివరి జానెడుకి రాస్తే ఇంకా సులువు. ఆ తర్వాత అరచేతి మడమతో తోసేస్తే టక్కున లోపలికి వెళ్తుంది. అప్పటికీ రాకపోతే బీడ్ జాక్ అని ఒక పనిముట్టుంది, ఒక పక్క రిమ్‌కి ఆనించి ఇంకో పక్క టైరు అంచుని ఎత్తి లోపల వేస్తుంది, ఇంట్లో ఒకటి ఉంచుకోండి. ఇనప లివర్ మాత్రం కార్బన్ రిమ్ దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్‌వే.

చువ్వల_మేస్త్రి:
రాధిక గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి కలుపుతా, నా దగ్గరికి టైరు ఎక్కట్లేదని తెచ్చే వీల్స్‌లో చాలావాటికి అసలు కారణం టేపు. మందపాటి టేపు, అదీ రెండు మూడు చుట్లు వేసేస్తారు, గాడి అడుగు పైకి లేచిపోతుంది, ఇక దిగడానికి చోటెక్కడ? పల్చటి ట్యూబ్‌లెస్ టేపు, గట్టిగా లాగి ఒక్క చుట్టు, వాల్వ్ దగ్గర మాత్రం కాస్త ఒకదానిమీదొకటి. లోపలి వెడల్పు 21 అయితే 23-25 టేపు.

నల్లమల_నడక:
రోడ్డు మీద పంక్చరైతే ఏంటని శ్రీశైలం రోడ్డులో తొక్కేవాళ్లం రోజూ ఆలోచించే విషయం. తుమ్మముళ్లు, లారీ టైర్ల నుంచి రాలే సన్న తీగముక్కలు, ఈ రెండే మన శత్రువులు. ట్యూబ్‌లెస్ పెడితే చిన్న కన్నాలు లోపల పోసే సీలెంట్ ద్రవమే మూసేస్తుంది, కానీ మన ఎండలకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, ఎండాకాలంలో తరచూ చూసి పోస్తుండాలి. నేను ట్యూబ్‌లెస్‌తో పాటు జేబులో ఒక టీపీయూ (పల్చటి ప్లాస్టిక్) ట్యూబు పెట్టుకుంటాను, చుడితే అరచేతిలో పడుతుంది. ఎక్కించేటప్పుడు మాత్రం చివర్లో లివర్ వాడొద్దు, ట్యూబు టైరుకీ రిమ్‌కీ మధ్య ఇరుక్కుంటే అక్కడికక్కడే పోతుంది. తీసేటప్పుడు కూడా ముందు గాలంతా వదిలి, అరచేతులతో నొక్కి రెండు పక్కల అంచులూ గాడిలోకి దించాకే లివర్ పెట్టండి.

అందుకే నేను ఎవరికైనా చెప్పేదొకటే, ఆ రిమ్ మీద మీరు వేయబోయే టైరే ఎవరైనా వేశారా, చేత్తో వచ్చిందా అని కొనేముందు అడగండి. ఒకే టైరు ఒక రిమ్ మీద చేత్తో వెళ్తుంది, ఇంకోదాని మీద చుక్కలు చూపిస్తుంది.

పెనుకొండ_ఘాట్:
అన్నా నాది రిమ్ బ్రేక్ బండి, కార్బన్ పెట్టొచ్చా?

చువ్వల_మేస్త్రి:
ఘాట్‌లు దిగేవాళ్లయితే వద్దు తమ్ముడూ. దిగుడులో బ్రేక్ పట్టుకునే ఉంటే రిమ్ కాలిపోతుంది, కార్బన్‌ని అంటించి ఉంచే రెసిన్ మెత్తబడి పొరలు విడిపోవచ్చు, అదీ చవక రిమ్ అయితే మరీ. ఆ డబ్బుతో మంచి అల్యూమినియం వీల్స్ చేయించుకో, ఇంకా మిగుల్తాయి.

గండిపేట_రైడర్:
అందరికీ థాంక్స్. హుక్ ఉన్న 21 ఎంఎం, 45 డెప్త్, స్టీలు చువ్వలు, బయట నిపుల్స్, ఇది ఫిక్స్. టైరు రాధిక గారు వాడేదే. మొదటిసారి ట్యూబ్‌లెస్ సీటింగ్‌కి (టైరు అంచులు రిమ్‌ల కూర్చునేటందుకు) పక్కన పంక్చర్ షాపుల కంప్రెసర్ పట్టియ్యొచ్చా?

రాజమండ్రి_రాధిక:
పట్టొచ్చండి. ప్రెస్టా (సన్న సైకిల్ వాల్వ్) అడాప్టర్ మీరే తీసుకెళ్లండి, వాళ్ల దగ్గర ఉండదు. అక్కడ లారీలకి పట్టే ప్రెషర్ ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ వాళ్ల చేతికివ్వకుండా మీరే కొంచెం కొంచెంగా వదలండి, రిమ్ మీదా టైరు మీదా రాసిన గరిష్ఠాల్లో ఏది తక్కువో దాన్ని దాటొద్దు. టకటకా రెండు చప్పుళ్లు వస్తాయి, అంచులు కూర్చున్నట్టు. తర్వాత టైరు పక్కనున్న సన్న గీత రిమ్ చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో తిప్పి చూడండి, ఎక్కడైనా లోపలికి పోయుంటే గాలి తీసి సబ్బునీళ్లు రాసి మళ్లీ పట్టాలి.