మా తాతగారి ఇంజన్ మీదున్న కిర్లోస్కర్ పేరు: ఈ కుటుంబం ఎలా మొదలైంది?

బావిగట్టు:
మా తాతగారి బావి దగ్గర ఒక ఆయిల్ ఇంజన్ ఉండేది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. దాని రేకు మీద కిర్లోస్కర్ అని ఉండేది. చిన్నప్పుడు నేను ఇంజన్‌నే కిర్లోస్కర్ అంటారనుకునేవాణ్ణి. తర్వాత కరెంటు మోటార్ వచ్చింది, దాని మీదా అదే పేరు, కానీ కంపెనీ వేరు. పంపు మీద ఇంకో కంపెనీ. ఇవన్నీ ఒకే కుటుంబానివా? వెతికితే సంవత్సరాల పట్టిక తప్ప ఏమీ దొరకడం లేదు. మొదట ఏం తయారు చేశారు, ఎవరు కొన్నారు, ఇక మూసేయాల్సిందే అనుకున్న రోజులేమైనా ఉన్నాయా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పాత కాగితాలు:
ఒకే ఇంటివండీ. మూలపురుషుడు లక్ష్మణరావు కిర్లోస్కర్, 1869లో పుట్టారు. బొమ్మలు గీయడం నేర్చుకోవాలని ముంబై వెళ్లారు. కొన్ని రంగుల తేడా కంటికి తెలియదని బయటపడటంతో అది వదిలి మెషిన్ డ్రాయింగ్ వైపు మళ్లారు, అక్కడే ఒక సాంకేతిక విద్యాలయంలో పాఠాలూ చెప్పారు. 1888లో బెల్గాంలో అన్నతో కలిసి పెట్టింది సైకిళ్ల దుకాణం. ఆ తర్వాత పశువులకు చొప్ప కోసే మిషన్లు, 1903లో ఇనుప నాగలి.

ఆ నాగలి దగ్గరే అసలు కష్టం వచ్చింది. ఇనుము తగిలితే నేల విషమైపోతుందని రైతులు భయపడ్డారు. మొదటి నాగళ్లు అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. ఉన్న నాలుగెకరాలూ పాడైతే ఆ ఏడాది తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మూసేయాల్సిందే అనుకున్న రోజు అడిగారు కదా. అమ్మకాలు కాస్త పుంజుకున్నాక ఊరు పెంచడానికి ఆ స్థలం కావాలి, ఖాళీ చేయమని బెల్గాం మునిసిపాలిటీ చెప్పింది. షెడ్డు, మిషన్లు, పనివాళ్లు, అన్నీ రోడ్డు మీద పడినట్టే. అప్పుడు ఔంధ్ సంస్థానాధీశుడు 32 ఎకరాలు, 10 వేల రూపాయల అప్పు ఇచ్చారు. కుండల్ రోడ్ స్టేషన్ పక్కన, అంతా నాగజెముడు, పాములు. 1910లో పాతిక మంది పనివాళ్లు కుటుంబాలతో సహా వెళ్లి ఆ ముళ్లు కొట్టి ఇళ్లు కట్టుకున్నారు. అదే నేటి సాంగ్లి జిల్లాలోని కిర్లోస్కర్‌వాడి. అక్కడ అంటరానితనం పాటించకూడదని లక్ష్మణరావు కట్టడి చేశారు. జైలుకెళ్లి వచ్చిన వాళ్లను రాత్రి కాపలాకు పెట్టుకున్నారు. మిషన్ల కంటే ఈ సంగతే నాకు పెద్దగా కనిపిస్తుంది.

కొలిమి పని:
నేను ఫౌండ్రీలో ఇరవై రెండేళ్లు చేశాను. నాగలి గురించి ఒక మాట. కర్ర నాగలి నేలను గీరుతుంది, మట్టిని తిరగేయదు. రెక్క ఉన్న ఇనుప నాగలి అడుగు మట్టిని పైకి తెచ్చి కలుపు వేళ్లను ఎండకు పడేస్తుంది. కానీ బరువు, ఎద్దులకు లాగడం కష్టం. కర్రు మెత్తగా ఉంటే త్వరగా అరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే రాయి తగలగానే పెళుసుగా విరుగుతుంది. పోత పోసేటప్పుడు ఆ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. ఇప్పటిలా పరీక్షించే పరికరాలు లేని రోజుల్లో దాన్ని సాధించినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

బావిగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాములున్న చోటికి పిల్లలతో వెళ్లిన ఆ పాతిక కుటుంబాల సంగతి రాత్రంతా తలలో తిరిగింది. మరి మా ఇంజన్, మోటార్ ఎప్పుడు వచ్చాయి?

పాత కాగితాలు:
పంపులు కిర్లోస్కర్‌వాడిలోనే మొదలయ్యాయి. అక్కడి కిర్లోస్కర్ బ్రదర్స్ 1920లో లిమిటెడ్ కంపెనీ అయింది. లక్ష్మణరావు కొడుకు శంతనురావు, నాగలి వచ్చిన 1903లోనే పుట్టినవారు, అమెరికాలో ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి తిరిగొచ్చారు. 1946లో పుణేలో ఆయిల్ ఇంజన్ల కంపెనీ, అదే ఏడాది బెంగళూరులో మోటార్ల కంపెనీ మొదలయ్యాయి. మీ ఇంటి మూడు రేకుల మీద మూడు పేర్లు అందుకే. ఆ ఇంజన్ ఇంకా ఉందా?

బావిగట్టు:
పశువుల పాకలో ఉంది. నాన్న దాన్ని పాత ఇనుము కింద అమ్మేద్దామంటున్నారు. ఆదివారం ఊరెళ్లి ఆ రేకు తుడిచి చూస్తాను, నంబరు చదవగలిగితే ఇక్కడ పెడతాను.