నెర్రె, బీట, పగులు: ఎండిన చెరువు నేలకు ఏ మాట?

ప్రశ్న

నమస్కారమండీ. పెరంబూరులో మేము కొందరం తెలుగువాళ్ళం కలిసి పిల్లల కోసం నెలకొక గోడపత్రిక రాస్తున్నాము. ఈ నెల విషయం మట్టి, రాళ్ళు. అంగారకుడి మీద తిరిగే నాసా వారి క్యూరియాసిటీ రోవర్ చూసిన ఎండుమట్టి ఆకారాల గురించి నేనొక చిన్న వ్యాసం రాసి, దానికి "అంగారకుడిపై బురద పగుళ్ళు" అని పేరు పెట్టాను. మా అమ్మ అది చదివి, "బురదకు పగుళ్ళేమిటే, ఎండితే కదా నేల నెర్రెలిచ్చేది" అన్నది. ఆవిడ ప్రకాశం జిల్లాలో పెరిగారు. నేను పుట్టి పెరిగింది చెన్నైలోనే కాబట్టి ఆ మాట విన్నానే గాని ఎప్పుడూ వాడలేదు. నెర్రె అన్నది ఒక ప్రాంతపు మాటా, అందరికీ తెలిసేదేనా? పగులు, బీట, చీలిక అనే మాటలకూ దీనికీ తేడా ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు

మీ అమ్మగారు చెప్పినదే సరైనదని నా అభిప్రాయం, అది ఒక ప్రాంతానికి పరిమితమైన మాట కూడా కాదు. కరవు వార్త రాసే ప్రతి తెలుగు పత్రికలోనూ "నెర్రెలు బారిన పొలాలు" కనిపిస్తాయి. పాత నిఘంటువులలో బండి ఱతో నెఱియ, నెఱ్ఱె అని ఉంటుంది. వాడుకలో నేల నెర్రెలిచ్చింది, నెర్రెలు బారింది, నెర్రెలు విచ్చింది అంటాము. వరిలో నీటిని పొదుపు చేసే పద్ధతి గురించి చెప్పే వ్యవసాయ అధికారులు, మడి సన్నని నెర్రెలు బారగానే మళ్ళీ తడి ఇవ్వమని రైతుకు చెబుతారు. అంటే ఆ మాట అక్కడ ఒక కొలతగా కూడా పనిచేస్తున్నది.

తేడాల విషయానికి వస్తే, పగులు అన్నింటికంటే విశాలమైన మాట. కొబ్బరికాయ పగులుతుంది, తల పగులుతుంది, చలికాలంలో మడమలు పగులుతాయి. దెబ్బ వల్ల అయినా, దానంతట అదే అయినా పగులే. బీట గట్టి వస్తువులో పుట్టే సన్నని గీత. గోడ బీటలు వారుతుంది, కుండ బీటిస్తుంది, కాని అది ఇంకా రెండు ముక్కలు కాలేదన్న భావం అందులో ఉంటుంది. చీలిక నిలువునా సాగేది. కట్టె చీలుతుంది, గుడ్డ చీలుతుంది. నెర్రె మాత్రం ముందుగా నేల మాట. నీరు తాగి, ఆ నీటిని పోగొట్టుకొని, కుంచించుకుపోయిన నేలలో పడే సందు అది. నేల బీటలు వారిందని అనడం తప్పు కాదు, గోడలు నెర్రెలు బారాయని పత్రికలు రాయడమూ నేను చూశాను, అయితే ఆ రెండో వాడుకలో నేల మాటను గోడకు అరువిచ్చినట్టు నాకు తోస్తుంది. ఇక బురద పగుళ్ళన్న సమాసంలో ఇబ్బంది స్పష్టమే. తెలుగులో బురద అంటే కాలు దిగబడేది, అది బురదగా ఉన్నంతసేపు అందులో సందు నిలవదు. మడ్ క్రాక్స్ అనే ఇంగ్లీషు పేరును మాటకు మాట దించినప్పుడు వచ్చిన చిక్కు ఇది.

ఈ మాటలోని నిర్దిష్టత నాకు పుస్తకంలో కంటే ముందు కాళ్ళ కింద తెలిసింది. 2019 జూన్‌లో చెన్నైకి నీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపుగా ఎండిపోయిన రోజులలో, నెల్లూరు జిల్లాలో వ్యవసాయం చేసిన మా మామగారు మా ఇంటికి వచ్చారు. కృష్ణ నీరు కండలేరు నుండి కాలువలో పూండి దాకా వచ్చి చేరే ఊరు ఇలా అయిందేమిటని ఆయన పదే పదే బాధపడుతుంటే, ఒకనాటి సాయంత్రం పుళల్ వైపు తీసుకువెళ్ళాను. ఒడ్డు దగ్గర ఇసుక కలిసిన నేల ఎండి పొడిగా ఉన్నదే గాని ఎక్కడా విచ్చుకోలేదు. కొంచెం లోపలికి వెళ్ళగానే కంచమంత పెళ్ళలు మొదలయ్యాయి. ఇంకా లోపల, ఒండ్రు మందంగా పేరుకున్నచోట, ఒక్కొక్క పెళ్ళ మనిషి కూర్చునే పీటంత ఉన్నది, అంచులు అప్పడంలాగా పైకి లేచి ఉన్నాయి. మామగారు చేతికర్రను ఒక సందులోకి దించితే జానెడు దిగింది. ఒక పెళ్ళను ఎత్తి చూపించారు, పైన తెల్లబారి, అడుగున నల్లగా, చేతికి చల్లగా తగిలింది. "ఇది పెళ్ళ, ఇది నెర్రె, రెండూ ఒకటి కాదు," అన్నారు.

పక్కన చూస్తున్న ఒక తమిళ పెద్దాయన మాత్రం "పాళం పాళమా వెడిచ్చిరుక్కు" అన్నాడు. పాళమంటే దిమ్మ, పలక, వెడిచ్చిరుక్కు అంటే పగిలి ఉంది. తమిళుల మాట మిగిలిన ముక్కను పట్టుకుంటే మన మాట మధ్యలో పడిన ఖాళీని పట్టుకుంది, ఇది నాకు అప్పటినుండి ఎంతో ఇష్టమైన పోలిక.

ఆ రోజు కళ్ళకు కనబడినదంతా శాస్త్రం చెప్పేదే. ఇసుక రేణువులు నీరు పోయినా దగ్గరకు జరగవు, కనుక ఇసుక నెర్రెలివ్వదు. బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల కంటే, అంటే మిల్లీమీటరులో ఐదు వందల వంతు కంటే చిన్నవి, వాటి మధ్య పలుచని నీటి పొర ఉంటుంది, అది ఆరుతున్నకొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరవుతాయి. పైపొర కుంచించుకుపోవాలని చూస్తుంది, అడుగున ఇంకా తడిగా ఉన్న నేల దానిని కదలనివ్వదు, ఆ లాగుడు భరించలేనప్పుడు పైపొర తెగుతుంది. ఎండే పొర ఎంత మందమైతే పెళ్ళలు అంత పెద్దవి, అందుకే ఒడ్డు నుండి లోపలికి పోయేకొద్దీ కంచం పీటగా మారింది. పైభాగం అడుగుభాగం కంటే ముందు ఆరి ఎక్కువ కుంచించుకుంటుంది కనుక అంచులు పైకి లేచాయి.

మీ వ్యాసానికి అసలు పనికివచ్చే సంగతి నెర్రెలు కలిసే చోటున ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను. మొదటిసారి ఎండిన మట్టిలో ఒక నెర్రె పుట్టగానే, దానికి అడ్డంగా ఉన్న లాగుడు అక్కడ సడలిపోతుంది, దాని పొడవునా ఉన్న లాగుడు మాత్రం అలాగే మిగులుతుంది. అందువల్ల తరువాత వచ్చే నెర్రె మొదటిదానిని దాదాపు లంబంగా, 90 డిగ్రీల కోణంలో తాకి ఆగిపోతుంది, ఆ కూడలి ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. అదే మట్టి మళ్ళీ తడిసి నెర్రెలు పూడి, మళ్ళీ ఎండితే ఏమవుతుంది? 2010లో లూకస్ గోరింగ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు బెంటొనైట్ అనే బంకమట్టిని పళ్ళెంలో పోసి ఎండబెట్టడం, తడపడం, మళ్ళీ ఎండబెట్టడం పదే పదే చేసి చూశారు. నెర్రెలు ప్రతిసారీ పాత చోటనే తిరిగి విచ్చుకున్నాయి, ఎందుకంటే అక్కడ మట్టి బలహీనంగా ఉన్నది. అయితే ఏది ముందు విచ్చుకుంటుందన్న వరుస ప్రతిసారీ మారుతుంది, దానితో కూడలి కొద్దికొద్దిగా జరిగి, చివరకు మూడు నెర్రెలు 120 డిగ్రీల కోణాలతో కలిసే వై ఆకారానికి చేరుతుంది. నలుపలకల పెళ్ళలు క్రమంగా తేనెపట్టు గదులలాగా ఆరుపలకలవుతాయి. కనుక ఎండిన నేలను చూసి, అది ఒక్కసారే ఎండిందా, ఎన్నోసార్లు తడిసి ఎండిందా అన్నది చెప్పవచ్చు.

పళ్ళెంలో మట్టి ఆరబెట్టుకొని కూర్చోవడం పెద్దవాళ్ళ పనేనా అని పిల్లలు అడుగుతారు, అవునని తప్పకుండా చెప్పండి. ఇదే గోరింగ్ అంతకు ముందు టొరంటోలో స్టీఫెన్ మోరిస్‌తో కలిసి, మన వంటింట్లో ఉండే కార్న్‌ఫ్లోర్‌ను నీళ్ళలో కలిపి దీపం కింద ఎండబెట్టి, లోపల ఏర్పడిన సన్నని స్తంభాలను పరిశీలించారు. ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే దగ్గర సుమారు 40,000 రాతి స్తంభాలు ఎలా ఏర్పడ్డాయో అర్థం చేసుకోవడానికి ఆ పిండి సాయపడింది. అక్కడ లావా చల్లారి కుంచించుకున్నది, ఇక్కడ పిండి నీరు పోయి కుంచించుకున్నది. చల్లారిన రాతిలోని సందును నేనైతే నెర్రె అనను, బీట అంటాను. పిండి పళ్ళెం మాత్రం మీ పిల్లలు మిద్దె మీద చేసి చూడగలరు.

అంగారకుడి సంగతి ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. 2021లో క్యూరియాసిటీ గేల్ బిలంలో చూసిన ఆకారాలు కొన్ని సెంటీమీటర్ల వెడల్పున్న ఆరుపలకలు, వాటి కూడలులు వై ఆకారంలో ఉన్నాయి. నెర్రెలలో చేరిన లవణాలు గట్టిపడి చిన్న గట్లుగా నిలిచిపోయాయి. విలియం రాపిన్, ఆయన బృందం 2023 ఆగస్టులో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 360 నుండి 380 కోట్ల ఏళ్ళ కిందట అక్కడి నేల మళ్ళీ మళ్ళీ తడిసి ఎండింది. అలా తడి, పొడి మారుతూ ఉండడం చిన్న అణువులు కలిసి పెద్ద గొలుసులుగా మారడానికి అనుకూలం కాబట్టి, జీవం పుట్టుకను గురించి ఆలోచించేవారికి ఇది చాలా విలువైన ఆనవాలు.

ఒక సభ్యుని సందేహం (ఆవడి నుండి)

వివరణ బాగుందండీ. అయితే నెర్రె అన్నది పొలంలో పుట్టిన మాట. శాస్త్ర వ్యాసంలో దానిని వాడితే చదివేవారికి తేలికగా అనిపించదా? సంస్కృతంలో ఒక పారిభాషిక పదం కల్పించుకోవడం మేలు కదా?

జవాబు

మీ సందేహం న్యాయమైనదే, కాని పొలం మాట శాస్త్రానికి చాలదన్నది నేను ఒప్పుకోలేను, ఎందుకంటే ఇంతకు ముందే మన మాట ఒకటి అక్కడికి వెళ్ళి స్థిరపడింది. మన పిల్లలు ఇంగ్లీషు భూగోళ పాఠంలో నల్లమట్టిని రెగర్ అని చదువుతారు. అది మన రేగడే. తెలుగు డకారం దక్కను ప్రాంతపు ఉర్దూ అయిన దక్కనీలో నాలుక మడిచి పలికే ధ్వనిగా, ఇంగ్లీషులో రకారంగా మారింది. పకోడీ ఇంగ్లీషులో పకోరా అయినదీ ఈ దారినే. ఇంగ్లీషులోకి వెళ్ళిన మన దేశపు మాటలకు 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ మాటకు ఇసుక అని అర్థమిచ్చే పారసీ రేగ్‌తో చుట్టరికం ఉండవచ్చేమోనని ఊహించి, అంతకు ముందు పదకోశం కూర్చిన విల్సన్ దానిని తెలుగు మాటగా ఇచ్చాడని కూడా రాసింది. నాకు ఆ ఊహ కుదరదు. రేగడి గుణమంతా ఇసుకకు వ్యతిరేకం. వేళ్ళకు అంటుకొని, తడికి ఉబ్బి, ఎండకు మోకాటి లోతు నెర్రెలిచ్చే ఆ నేలను పొలంలో చూసినవారెవరూ దానికి ఇసుక పేరు పెట్టరు.

ఇటువంటి నేలలలో ఏర్పడే చిన్న ఎత్తుపల్లాలకు ప్రపంచమంతటా వాడే గిల్గాయ్ అన్న పేరు ఆస్ట్రేలియా ఆదివాసుల భాష నుండి వచ్చినదే. వారి మాట చాలినప్పుడు మనది చాలకపోవడానికి కారణం నాకు కనబడదు. శుష్క విదరమనో మరొకటనో కల్పిస్తే దానిని మళ్ళీ నెర్రె అనే చెప్పి అర్థం చేయించవలసి వస్తుంది. కడప ప్రాంతపు పురాతన అవక్షేప శిలలలో నిలిచిపోయిన ఇటువంటి గుర్తులను కూడా నెర్రెల అచ్చులు అంటే, చెన్నై వంటిళ్ళలో కడప బండ మీద కూరలు తరిగే ప్రతి ఇల్లాలికీ ఒక్కసారి చెబితే తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

చాలా ధన్యవాదాలండీ. శీర్షికను "అంగారకుడి మీద నెర్రెలు" అని మార్చాను. మీ జవాబును అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "అక్కడి నెర్రెలు మళ్ళీ పూడాయా మరి?" అని అడిగింది.

జవాబు

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. పూడాయి, ఎన్నోసార్లు పూడి మళ్ళీ విచ్చుకున్నాయి, ఆరుపలకలు అయినవి అందుకే. చివరిసారి విచ్చుకున్నవి మాత్రం పూడలేదు, ఉప్పు నిండి రాయయ్యాయి.