జాయినింగ్‌కి ముందే హెచ్‌ఆర్‌కి చెప్పాలా?

నమస్తే అండి. నేను ట్రాన్స్ మహిళని. ఇన్నాళ్లూ ఇంట్లోంచే డేటా ఎంట్రీ పనులతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు రాయదుర్గంలో ఒక కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలలో చేరాలి. ఇంటర్వ్యూ మొత్తం ఫోన్లోనే, పాత పేరుతోనే అయిపోయింది. హార్మోన్ల వల్ల ముఖం బాగానే మారింది. గొంతు మాత్రం అలాగే ఉంది. ఈ మందులతో అది మారదని డాక్టరు గారు ముందే చెప్పారు లెండి.

అసలు టెన్షన్ కాగితాల దగ్గర. టెన్త్ మెమో, పాన్, ఆధార్ అన్నీ పాత పేరుతోనే ఉన్నాయి. ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ కోసం నేషనల్ పోర్టల్‌లో అప్లై చేశాను, కలెక్టరేట్ నుంచి ఇంకా రాలేదు. పీఎఫ్‌కి ఆధార్‌లో ఉన్న పేరే అడుగుతారు కాబట్టి ఇప్పటికి పాత పేరుతో చేరిపోయి తర్వాత మార్పించుకోవడం మంచిదా? జాయినింగ్ వాయిదా అడిగితే ఉద్యోగమే పోతుందేమోనని భయం. అద్దె, మందులు అన్నీ ఈ జీతం మీదే.

ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టంలో ఉందని తెలుసు. కానీ మొదటి రోజే చట్టం పేరు ఎత్తితే గొడవమనిషి అనుకోరా? రికార్డుల్లో పాత పేరు ఉన్నా ఐడీ కార్డు మీద, మెయిల్‌లో కొత్త పేరు పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? హెచ్‌ఆర్‌కి ఏమని రాశారు? వాష్‌రూమ్, నైట్ క్యాబ్ సంగతి ఎవరితో మాట్లాడారు?

సర్జరీ ఎప్పుడని మాత్రం అడగకండి, ప్లీజ్.