‘మౌంట్’కు తెలుగులో ‘జోడించు’ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో రోజూ ఎదురయ్యే ‘మౌంట్’ (డ్రైవులోని ఫైళ్లను కంప్యూటర్‌కు అందేలా చేయడం), ‘అన్‌మౌంట్’ (దాన్ని మళ్లీ విడదీయడం) మాటల గురించి అడగాలని ఉంది. ఇంట్లో జరిగింది చెబితే ఎందుకు అడుగుతున్నానో తెలుస్తుంది.

అమ్మ దాచుకున్న ఫొటోలన్నీ ఒక యూఎస్‌బీ డ్రైవులో ఉన్నాయి. ఆమె కంప్యూటర్ తెర మీద అంతా తెలుగే. పని ముగిశాక డ్రైవు గుర్తు మీద నొక్కితే ‘భద్రంగా తొలగించు’ అని వచ్చింది. తొలగిస్తే ఫొటోలు పోతాయని భయపడి, ఆ మాట జోలికి వెళ్లకుండా డ్రైవును లాగేసింది. మర్నాడు మళ్లీ పెడితే ‘డ్రైవును జోడించలేకపోయాం’ అని వచ్చింది; మౌంట్‌కు అక్కడి అనువాదం ‘జోడించు’. జోడించడమంటే తీగ గుచ్చడమే అనుకుని నేను కేబుల్ మార్చాను, వేరే పోర్టులో పెట్టి చూశాను. గంటసేపు అదే పని. డ్రైవు దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

చివరికి డ్రైవుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశం ఇచ్చాను. జాబితాలో ‘ఎస్‌డీబీ’ (డ్రైవు), దాని కింద ‘ఎస్‌డీబీ1’ (అందులోని విభాగం) ఉన్నాయి, సైజు సరిగానే ఉంది. మౌంట్ అయిన చోటు చూపే గడి ఒక్కటే ఖాళీ. అంటే డ్రైవు కెర్నల్‌కు (లైనక్స్ మూలభాగానికి) కనిపించింది, అందులోని ఫైల్ సిస్టమ్ (ఫైళ్ల అమరిక) మాత్రం మన డైరెక్టరీల (ఫోల్డర్ల) చెట్టులోకి రాలేదు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కారణం దొరికింది: ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) విభాగం ‘డర్టీ’గా ఉందని, బలవంతపెడితే తప్ప మౌంట్ చేయనని, దాన్ని చదివే ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ (కెర్నల్‌లోని ప్రోగ్రామ్) రాసి పెట్టింది. రాత మధ్యలో ఆగి ఉండవచ్చు, ముందు సరిచూడండి అని దాని అర్థం. విండోస్ ఉన్న మరో కంప్యూటర్‌లో, డిస్కును సరిచూసే చెక్‌డిస్క్ నడిపాక డ్రైవు తెరుచుకుంది. ఫొటోలన్నీ ఉన్నాయి.

డ్రైవు పాడవలేదు, కేబుల్ పాడవలేదు. ‘తొలగించు’ అమ్మను భయపెట్టింది, ‘జోడించు’ నన్ను దారి తప్పించింది. అందుకే తీగ గుచ్చడానికి ‘తగిలించు’, మౌంట్‌కు ‘అంటుకట్టు’ అంటే ఎలా ఉంటుంది? లైనక్స్ అనుసరించే యూనిక్స్ పద్ధతిలో ఫైళ్లన్నిటికీ ఒకటే చెట్టు, ఒకటే వేరు. బయటి డ్రైవులో ఉన్నది వేరే చెట్టు. దాన్ని మన చెట్టు కొమ్మకు అంటుకడితేనే ఫైళ్లు చేతికందుతాయి.

జవాబు: పోలిక అందంగా ఉంది. కానీ మాట పుట్టుక వేరు. టేపు చుట్టలను, విడిగా తీయగలిగే డిస్కు ప్యాకులను ఆపరేటరు చేతులతో యంత్రం మీదికి ఎక్కించిన రోజుల నుంచి వచ్చింది ఈ ‘మౌంట్’. కాబట్టి ‘ఎక్కించు’, ‘దించు’ అనండి, బండికి సరుకులా. సంస్కృతంలో ‘ఆరోపణం’ అన్నా ఎక్కించడమే, వింటికి నారి ఆరోపించినట్టు. అయితే నేటి తెలుగులో ఆరోపణ అంటే నింద మోపడమే కనుక అది పనికిరాదు.

జవాబు: ‘ఎక్కించు’కు ఇప్పటికే వేరే పని పడింది. తెలుగు వికీపీడియాలో అప్‌లోడ్‌ను ‘ఎక్కింపు’, డౌన్‌లోడ్‌ను ‘దింపుకోలు’ అంటున్నారు. ఇక ‘అంటు’ అనగానే నాకు అంటువ్యాధి గుర్తుకొస్తుంది. వైరస్‌లు డ్రైవుల వెంట తిరిగే చోట ‘డ్రైవు అంటుకుంది’ అని చదివితే ఎవరైనా ఉలిక్కిపడతారు. పైగా అంటుకట్టిన కొమ్మను మళ్లీ విడదీయరు. డ్రైవును రోజూ విడదీయాలి.

అడిగినవారు: ఆ చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు. ‘అంటుకట్టు’ను వెనక్కి తీసుకుంటున్నాను. ఆదేశం పేరు ‘మౌంట్’గానే ఉండనిద్దాం. తెర మీది సందేశాన్ని మాత్రం ఒక్క క్రియలో ఇరికించకుండా విడమరిచి రాద్దాం: ‘డ్రైవు అందింది. అందులోని ఫైల్ సిస్టమ్‌ను తెరవలేకపోయాం.’ ఈ మొదటి వాక్యం ఉండి ఉంటే నేను కేబుల్ ముట్టుకునేవాణ్ణి కాదు. ‘భద్రంగా తొలగించు’ బదులు ‘డ్రైవును వదులు’ అంటే?

జవాబు: ‘వదులు’ బాగుంది. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే గీత నిండినా రాయవలసినదంతా డ్రైవుకు చేరినట్టు కాదు, కొంత ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. అన్‌మౌంట్ చేస్తే ఆ మిగిలినది రాసేసి డ్రైవును విడిచిపెడుతుంది. అన్‌మౌంట్ కుదరనప్పుడు వచ్చే ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అన్న సందేశాన్ని కూడా చేర్చండి. ‘లక్ష్యం తీరిక లేకుండా ఉంది’ అన్న అనువాదం చూసి బాధపడ్డాను. ‘ఈ డ్రైవులోని ఫైలో ఫోల్డరో ఇంకా వాడకంలో ఉంది’ అంటే ఏం మూయాలో తెలుస్తుంది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోట) వదలాలంటే ఆదేశం ‘యూమౌంట్’, అందులో మొదటి ఎన్ అక్షరం ఉండదు. కొత్తవారు అది చేర్చి రాసి, అలాంటి ఆదేశం లేదన్న జవాబు చూసి ఆగిపోతుంటారు.

అడిగినవారు: ఈ వాక్యాలన్నీ అమ్మకు చదివి వినిపించాను. ‘వదులు’ దగ్గర ఆగి, “వదిలేశాక ఫొటోలు ఎక్కడుంటాయి?” అని అడిగింది. అందుకని నొక్కిన తర్వాత వచ్చే సందేశాన్ని ఇలా మార్చాను: ‘రాయడం పూర్తయింది. మీ ఫైళ్లు డ్రైవులోనే ఉన్నాయి. ఇక డ్రైవును బయటికి తీయవచ్చు.’